జీర మెట్టును పట్టుకుందా, స్వరాన్ని పట్టుకుందా?

ఈ నెల నా బల్ల మీదికి చేరిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ఫిర్యాదు: గిటారు జీరపోతోంది, లేదా లొడలొడలాడుతోంది, లేదా గుయ్యిమంటోంది. అందులోనూ ఎక్కువ భాగం హాలో బాడీ గిటార్లవే. లోపల డొల్ల, పైన నిండా ఇనుప సామాను. మూలగడానికి అంతకంటే అనువైన వాద్యం ఉండదు. మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు నెట్టి, ఈసారి వీటినే పట్టుకున్నాను.

ప్రశ్న: అయ్యా, ఆరు నెలల క్రితం పాత ఆర్చ్‌టాప్ గిటారు ఒకటి కొన్నాను. వయొలిన్‌కు ఉన్నట్టు పైపలక ఉబ్బుగా, రెండు ఎఫ్ రంధ్రాలతో ఉంటుంది. లావు తీగ మీద ఆరో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) నొక్కి మీటితే జిర్రుమంటోంది. మిగతా చోట్ల శుభ్రంగానే పలుకుతోంది. దుకాణంలో చూపిస్తే ఏడో ఫ్రెట్ లేచిందని, ఫ్రెట్లన్నీ మార్చాలని, తొమ్మిది వేలు అవుతుందని అన్నారు. మార్పించమంటారా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి.

లావు తీగ ఆరో ఫ్రెట్ దగ్గర పలికే స్వరమే దాని పక్క తీగ మొదటి ఫ్రెట్ దగ్గరా పలుకుతుంది. పడమటి సంగీతం వారు దాన్ని బి ఫ్లాట్ అంటారు, సెకనుకు దాదాపు 116.5 కంపనాలు. ఇప్పుడు ఆ ఐదో తీగ మొదటి ఫ్రెట్ నొక్కి, అంతే బలంగా మీటండి. అక్కడ కూడా జిర్రుమందా? అయితే ఏడో ఫ్రెట్‌కు ఈ నేరంతో సంబంధం లేదు. గిటారులో ఎక్కడో ఒక వదులు వస్తువు ఉంది. దాని సొంత కంపనం సరిగ్గా ఆ స్వరం దగ్గర ఉంది కాబట్టి ఆ స్వరం ఏ తీగ మీద పలికినా అది తోడు మూలుగుతోంది.

ఇంకా అనుమానం ఉంటే లావు తీగ శ్రుతిని ఒక ఫ్రెట్ మేర దించండి. అదే స్వరం ఇప్పుడు ఏడో ఫ్రెట్‌కు జరుగుతుంది. జీర కూడా ఆరు నుంచి ఏడుకు జరిగితే అది స్వరాన్ని పట్టుకున్న జీర. శ్రుతి దించినా ఆరో ఫ్రెట్ దగ్గరే కూర్చుంటే మెట్టును పట్టుకున్న జీర. (ఫ్రెట్‌ను మెట్టు అనడం నాకు అలవాటు, వీణవారి మాట. మా ఇంట్లో గిటారు కంటే ముందు వీణ ఉండేది.) ఈ రెండింటిలో ఏదో తేలకుండా ఆకురాయి చేతికి తీసుకున్నవాడిని నేను నమ్మను. అరగదీసిన ఫ్రెట్‌కు మళ్లీ ఎత్తు రాదు.

నేను ముప్పై ఏళ్లు రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేశాను. రిలే గదిలో మాకు నేర్పిన మొదటి పాఠం, ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం. రెండు చోట్ల చేయి పెట్టి లోపం పోగొట్టినవాడికి ఏది బాగుచేశాడో తెలియదు, వారం తరువాత అర్ధరాత్రి మళ్లీ పిలుపు వస్తుంది. గిటారుకూ అదే పద్ధతి పాటిస్తాను.

మీది స్వరాన్ని పట్టుకున్న జీర అని తేలిందనుకుందాం. ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు ఆ ఒక్క స్వరాన్నే మీటుతూ ఉండండి, వారు ఒక్కొక్క భాగం మీద వేలు ఆనించాలి. ఎక్కడ వేలు పెడితే జీర ఆగిందో అక్కడే దొంగ. నాకు మా మనవరాలు ఈ పని చేసిపెడుతుంది. తన వేళ్లు సన్నం, చెవి పదును. యాంప్లిఫయర్ తీసేసి, గది ఫ్యాను ఆపి చేయండి. చొక్కా బొత్తాలు, బెల్టు బకిల్ గిటారు వీపుకు తగలకుండా చూసుకోండి. నవ్వకండి, బొత్తాం జీరకు, పలక మీద తీగలను మోసే బ్రిడ్జినే మార్పించుకున్న పెద్దమనిషి నాకు తెలుసు.

తల దగ్గర మొదలుపెట్టండి. శ్రుతి బిరడాల చుట్టూ ఉండే చిన్న నట్లు, బిరడాల చివరి స్క్రూలు వదులైతే బిగించండి. కత్తిరించకుండా వదిలిన తీగ కొస పక్క బిరడాను తాకుతూ ఉండవచ్చు. తరువాత పిక్‌గార్డ్, అంటే మీటేటప్పుడు పలక మీద గీతలు పడకుండా కాసే పట్టీ. ఆర్చ్‌టాప్‌లో అది పలకకు అంటుకోకుండా, మెడ దగ్గర ఒక స్క్రూతో, పక్కన ఒక లోహపు చేయితో గాలిలో నిలబడుతుంది. నేను చూసిన జీరల్లో ఎక్కువ భాగం ఈ చేయి దగ్గరే పుట్టాయి. స్క్రూ బిగించి, తాకే చోట చిన్న ఫెల్ట్ ముక్క పెడితే సరి. ఫెల్ట్ కోసం పెద్ద ఊళ్లకు పోనక్కర్లేదు, హార్మోనియం బాగుచేసేవారి దగ్గర దొరుకుతుంది.

బ్రిడ్జి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. మీ గిటారులో బ్రిడ్జిని నిలబెట్టేది తీగల ఒత్తిడి ఒక్కటే. తీగలన్నీ ఒకేసారి విప్పితే అది జారిపోతుంది, దాంతో పై మెట్ల దగ్గర స్వరస్థానాలు తప్పుతాయి. ముందే బ్రిడ్జి పాదాల చుట్టూ కాగితపు టేపు అంటించి చోటు గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు పల్చటి కాగితం ముక్కను పాదాల కిందకు తోసి చూడండి. ఏ మూలనైనా లోపలికి దూరితే అక్కడ పాదం పలకకు ఆనడం లేదని అర్థం. దానికి మందు పాత పద్ధతే: పలక మీద సన్న గరుకు కాగితాన్ని గరుకు పైకి ఉండేలా పరిచి, దాని మీద బ్రిడ్జి పాదాన్ని తీగల పొడవు దిశలో కొద్ది కొద్దిగా రుద్దితే పాదానికి పలక వంపు వస్తుంది. పలక మీది మెరుగు గీసుకుపోకుండా చుట్టూ టేపు వేయడం మరచిపోకండి.

బ్రిడ్జి పైభాగం లోహపుదైతే, ఒక్కో తీగకు ఒక్కో చిన్న దిమ్మె, దాని వెనక ఒక స్క్రూ ఉంటాయి. గిబ్సన్ కంపెనీ 1950ల నడుమ తెచ్చిన ఈ రకం బ్రిడ్జిని ఆ తరువాత అందరూ అనుసరించారు. దీని పాత నమూనాల్లో స్క్రూ తలల మీదుగా ఒక సన్నని తీగ అడ్డంగా పోతుంది. గిటారు తీగ తెగినప్పుడు దిమ్మెలు ఊడి పడకుండా అది కాపలా. కాపలా కాసేదే దొంగ కావడం ఇక్కడ మామూలే. అగ్గిపుల్ల కొసతో ఆ తీగను, తరువాత ఒక్కో దిమ్మెను నొక్కి చూడండి. తీగ వదులైతే తీసి, నడుమ కొంచెం వంచి మళ్లీ పెడితే బిగుతు వస్తుంది. స్క్రూ వదులైతే దాని మరచుట్ల మీద రంగు లేని గోళ్ల పాలిష్ ఒక చుక్క చాలు. ఎత్తు సరిచేసే గుండ్రటి చక్రాలు రెండూ కడ్డీల మీద ఊగుతున్నాయేమో కూడా చూడండి.

బ్రిడ్జి దాటాక టెయిల్‌పీస్ (తీగల వెనక కొసలను పట్టి ఉంచే భాగం) దాకా తీగలు ఇంకో జానెడు పొడవు ఉంటాయి. మీరు ముందువైపు మీటితే అవి వెనక గజ్జెల్లా మోగుతాయి. ఆ ఆరింటి మధ్య నుంచి ఫెల్ట్ పట్టీనో తోలు పట్టీనో ఒకటి పైకీ కిందికీ అల్లేయండి, గజ్జెలు మూగబోతాయి. కొందరికి ఆ గజ్జెలే ఇష్టం, వాళ్లు అలాగే ఉంచుకుంటారు.

ఇంతవరకూ దొరకకపోతే లోపలికి వెళ్లాలి. వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే నట్లు, జాక్ నట్టు తరచుగా వదులవుతాయి. బిగించేటప్పుడు నాబ్ ఊడదీసి, కింది కడ్డీని రెండో చేత్తో కదలకుండా పట్టుకోండి. లేకపోతే నట్టుతో పాటు లోపలి పాట్ (నాబ్ కింద శబ్దాన్ని హెచ్చుతగ్గులు చేసే భాగం) కూడా తిరిగి వైరు తెంపుకుంటుంది. అది డొల్లలోకి పడిపోయిందా, ఎఫ్ రంధ్రంలోంచి దారం వేసి చేపను పట్టినట్టు పట్టాలి. నేను రెండు ఆదివారాలు అలా పోగొట్టుకున్నాను. ఆ తరువాత ఏ పాట్‌నైనా విప్పే ముందే కడ్డీకి దారం కట్టడం అలవాటైంది.

పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం, ఒక టార్చి ఉంటే ఎఫ్ రంధ్రం లోంచి చాలా కనిపిస్తుంది. పొడవాటి వైర్లు పైపలకకో అడుగుపలకకో ఆనుకుని ఉంటే వాటికి స్పాంజి ముక్క చుట్టండి. చివరగా పలక కింద అతికించిన పొడవాటి చెక్క పట్టీలు. వేలి కణుపుతో పలకను అంగుళం అంగుళం తట్టుకుంటూ పొండి, సంతలో కుండ కొనేటప్పుడు తట్టినట్టే. ఒకచోట బోలుగా, పగిలిన కుండలా పలికితే అక్కడ పట్టీ ఊడింది. దాన్ని మాత్రం మీరు ముట్టుకోకండి. క్షణంలో అంటుకునే జిగురు చుక్కలు ఎఫ్ రంధ్రంలోంచి వేసి, తరువాత నా దగ్గరకు తెచ్చినవాళ్లను చూశాను. జిగురు అంటుకోవాల్సిన చోట తప్ప అన్నిచోట్లా అంటుకుంది.

గిటారును మెల్లగా అటూ ఇటూ వంచినప్పుడు లోపల ఏదైనా దొర్లితే ఈ పరీక్షలన్నీ అనవసరం. కాజీపేటలో ఉండగా ఒక చర్చి గిటారు క్రిస్మస్‌కు వారం ముందు నా దగ్గరకు వచ్చింది. రెండేళ్లు గోడకు వేలాడి ఉంది. మూడు సాయంత్రాలు వెతికాను. ఎఫ్ రంధ్రంలోంచి దూరిన కుమ్మరి పురుగు లోపల మట్టి గూడు కట్టింది. అందులో సగం విరిగి దొర్లుతోంది, సగం పలకకే అంటుకుని ఉంది. వెదురు పుల్లతో గీకి, బోర్లించి దులిపితే చారెడు మట్టి రాలింది.

ఇక జీర మెట్టునే పట్టుకుందని తేలితే అప్పుడు దుకాణం మాట వినవచ్చు, అదీ కొంతవరకే. పాత డెబిట్ కార్డు ఒకటి తీసుకుని, దాని తిన్నటి అంచు ఆరు, ఏడు, ఎనిమిది ఫ్రెట్ల మీద ఆనేలా నిలబెట్టండి. పై ఫ్రెట్ల దగ్గర దూరం తక్కువ కాబట్టి పొట్టి అంచు వాడాలి. కార్డు ఉయ్యాలలా ఊగితే ఏడోది నిజంగానే లేచింది. ఆ ఒక్కదాన్ని తట్టి కూర్చోబెట్టడమో, కొద్దిగా సానపెట్టడమో చాలు. ఒక మెట్టు లేచిందని ఇరవై మెట్లూ పీకక్కర్లేదు. కార్డు ఊగకపోతే మెడ వంపు చూడండి. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, మెడ ఒంటికి కలిసే ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టుకుంటే, ఏడో ఫ్రెట్‌కూ తీగకూ మధ్య దాదాపు 0.25 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అసలు సందే లేకపోతే ట్రస్ రాడ్‌ను (మెడ లోపల ఉండి వంపును సరిచేసే కడ్డీ) పావు చుట్టు వదులు చేసి, ఒక రోజు ఆగి మళ్లీ చూడండి. పావు చుట్టుకు మించి ఒకేరోజు తిప్పవద్దు.

తొమ్మిది వేలు మీ జేబులోనే ఉండనివ్వండి.

ప్రశ్న: మా బ్యాండ్‌లో ఒకరు గిటారు లోపల స్పాంజి కుక్కితే జీర, కీచుమనే శబ్దం రెండూ పోతాయని అంటున్నారు. నాది సెమీ హాలో అనుకుంటున్నాను. కుక్కవచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ రెండూ వేరు జబ్బులు. కీచుమనేది ఫీడ్‌బ్యాక్. యాంప్లిఫయర్ శబ్దం పలకను ఊపుతుంది, పలక తీగలను ఊపుతుంది, తీగల కంపనాన్ని పట్టే పికప్ దాన్ని మళ్లీ యాంప్లిఫయర్‌కు పంపుతుంది. ఇలా తిరిగి తిరిగి కేక అవుతుంది. దీన్ని తగ్గించడానికే గిబ్సన్ 1958లో ఈఎస్-335 గిటారు నడుమ పొడవునా ఒక చెక్క దిమ్మె పెట్టింది. బ్లూస్ గిటారు విద్వాంసుడు బి.బి. కింగ్ పేరు మీద 1980లో వచ్చిన లూసిల్ నమూనాకైతే ఎఫ్ రంధ్రాలే పెట్టలేదు. మీరు వేదిక మీద వాయిస్తే, స్పాంజిని ఎఫ్ రంధ్రాల ఆకారంలో కోసి మూతలా పెట్టండి, ఇంటికి వచ్చాక తీసేయవచ్చు. యాంప్లిఫయర్‌కు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడినా చాలా మేలు.

జీరకు మాత్రం స్పాంజి మందు కాదు. లోపలంతా కుక్కితే జీరతో పాటు గొంతూ మూసుకుపోతుంది, వదులు స్క్రూ మాత్రం వదులుగానే ఉంటుంది. ఇంకోమాట, సెమీ హాలో అనుకోవడం కాదు, ఎఫ్ రంధ్రంలో టార్చి వేసి చూడండి. నడుమ దిమ్మె కనిపిస్తేనే సెమీ హాలో. ఎపిఫోన్ కసీనో చూడటానికి ఈఎస్-335 తోబుట్టువులా ఉంటుంది, లోపల మాత్రం పూర్తిగా డొల్ల.

ప్రశ్న: నాన్నగారి ఆర్చ్‌టాప్‌ను మూడేళ్ల క్రితం ఇక్కడికి తెచ్చుకున్నాను. ప్రతి జనవరిలో దాదాపు అన్ని ఫ్రెట్ల దగ్గరా జీర మొదలవుతుంది, జూన్‌కు దానంతట అదే పోతుంది. ఫ్రెట్లు సానపెట్టించనా?
— ఒక పాఠకురాలు, మినియాపొలిస్, అమెరికా

జవాబు: వద్దమ్మా. జూన్‌లో పోయే జబ్బుకు జనవరిలో శస్త్రచికిత్స ఎందుకు? చలికాలంలో మీ ఇంటి హీటరు వేడికి గాలి పొడిబారుతుంది. చెక్క ఎండి ముడుచుకుంటే పైపలక ఉబ్బు కాస్త దిగుతుంది, దాని మీద నిలబడిన బ్రిడ్జి దిగుతుంది, బ్రిడ్జితో పాటు తీగలూ దిగి మెట్లకు రాసుకుంటాయి. మెడ అంచుల్లో ఫ్రెట్ కొసలు చేతికి గుచ్చుకుంటున్నాయా? అదీ అదే ఎండుదనం గుర్తు. మా కోస్తాలో వానాకాలం దీనికి తిరగబడి ఉంటుంది, పలక ఉబ్బి తీగలు పైకి లేచి వేళ్లు నొప్పి పుడతాయి.

తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొని గిటారు పెట్టెలో పెట్టండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా, పెట్టెలో పెట్టే తేమ సంచీ వాడండి. అప్పటికీ కొంచెం జీర మిగిలితే బ్రిడ్జి చక్రాలను ఇంచుక పైకి తిప్పి, వేసవిలో మళ్లీ దించండి. చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాయించేవారిలో కొందరు చలికాలానికొకటి, వేసవికొకటి బ్రిడ్జి ఉంచుకుంటారు. మీకు ఆ చక్రాలే రెండు బ్రిడ్జిల పని చేస్తాయి. ఆ గిటారును హీటరు పక్క గోడకు మాత్రం వేలాడదీయకండి. పగులు వస్తే నాన్నగారికి ఏం జవాబు చెబుతారు?

ప్రశ్న: తంబురాకు దారప్పోగు పెట్టి మరీ జీర తెప్పిస్తాం కదా. గిటారుకు వస్తే ఎందుకంత కంగారు?
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: బొబ్బిలి నుంచి రావాల్సిన ప్రశ్నే. తంబురా బ్రిడ్జి వెడల్పుగా, మెల్లటి వాలుతో ఉంటుంది. తీగ ఆ వాలును రాసుకుంటూ కంపిస్తుంది. దారం జరిపి ఎక్కడ రాసుకోవాలో మీరు నిర్ణయిస్తారు, ప్రతి తీగకూ విడివిడిగా. ఆ జీర పిలిస్తే వచ్చిన చుట్టం, నాలుగు తీగల మీదా ఒకేలా ఉంటుంది. విశాఖ మిత్రుడి గిటారులోది పిలవకుండా వచ్చి, ఒక్క బి ఫ్లాట్ మీదే కూర్చుంది.

ప్రశ్న: యాంప్లిఫయర్‌కు పెట్టగానే గుయ్యిమంటోంది. తీగల మీద చేయి వేస్తే తగ్గుతుంది. ఒక్కోసారి చేతికి చిమచిమలాడుతుంది. ఏం బిగించాలి?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు ప్లగ్ పీకండి, తరువాత మిగతాది చదవండి.

చేయి వేస్తే గుయ్యి తగ్గడం మామూలే. టెయిల్‌పీస్‌కు ఒక వైరు లోపలినుంచి వస్తుంది, దాని ద్వారా మీ ఒళ్లే కవచమవుతుంది. ఒకే తీగచుట్ట ఉన్న పికప్‌లకు మన 50 హెర్ట్జ్ కరెంటు గుయ్యి సహజం. దాన్ని చంపడానికే 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ రెండు చుట్టల హంబకర్‌ను రూపొందించాడు. ఫ్యాను రెగ్యులేటరు, ఫోను ఛార్జరు దూరంగా పెట్టినా కొంత తగ్గుతుంది.

చిమచిమ మాత్రం మామూలు కాదు. యాంప్లిఫయర్‌కు ఎర్త్ అందడం లేదు, లేదా దానిలోనే కరెంటు బయటికి పాకుతోంది. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టరులో పెట్టారా? అయితే ఆ అడాప్టరును పారేయండి. ఎలక్ట్రీషియన్ చేత సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో చూపించి, ఆ తరువాత యాంప్లిఫయర్‌ను మెకానిక్‌కు ఇవ్వండి. అది తేలేదాకా మైకు ముందు ఆ గిటారుతో పాడవద్దు. ఒక చేయి తీగల మీద, పెదవులు మైకు మీద ఉంటే కరెంటుకు దారి దొరికినట్టే.

ప్రశ్న: మా అబ్బాయి గిటారు చర్చిలో వాయిస్తే చక్కగా ఉంటుంది. ఇంట్లో, అదీ వాడి గదిలోనే, ఒక స్వరం దగ్గర గణగణమంటుంది. రెండుసార్లు బాగుచేయించాం. ఇంకెక్కడ చూపించాలి?
— ఒక గృహిణి, గుంటూరు

జవాబు: ఎక్కడా చూపించవద్దమ్మా. ఆ గదిలో ఇనుప బీరువా ఉండే ఉంటుంది, దాని తలుపుకు తాళాల గుత్తి వేలాడుతూ ఉండే ఉంటుంది. గుత్తి తీసి వంటింట్లో పెట్టి, అబ్బాయిని అదే స్వరం మీటమనండి. అప్పటికీ మోగితే బీరువా మీది ఇత్తడి సామాను కూడా దించండి.